ఎక్కడికని అడిగే బండి

కొత్త మోడల్ పికప్ బండి మంచిచెడ్డల గురించి ఓనర్ల అభిప్రాయం రాసి పంపమని కంపెనీవారు అడిగారు. మా పొన్నలంక అరటి మార్కెట్లో ఓనర్ల దగ్గర అభిప్రాయాలకు కొదవ లేదు గానీ, కూర్చుని రాసే ఓపిక ఎవరికీ లేదు. నాకూ ఒక బండి ఉంది, ఓపికా ఉంది. అందుకని ఆ పని నామీద పడింది. ముందు మంచి చెబుతాను. చెడ్డ దానంతటదే వస్తుంది.

కొత్త బండికి ముఖం బాగుంది. పాత బండి ముఖం నిద్రలో లేపితే విసుక్కునే మనిషిలా ఉండేది. దీనిది పెళ్ళిచూపుల్లో కూర్చున్న ముఖం. తొట్టి మూరెడు పెరిగింది. పాతదానిలో కింది గెలలు నలిగిపోయేవి, ఇందులో అన్నీ సుఖంగా పడుకుంటాయి. డ్రైవరు సీటు మెత్తన. చల్లగాలి వస్తుంది. వెనక్కి తీసేటప్పుడు వెనకాల ఎవరున్నారో ముందున్న అద్దంలో బొమ్మ కనిపిస్తుంది. నాలాంటి భయస్తురాలికి ఇంతకంటే ఏం కావాలి? పాత బండి వెనక్కి తీసినప్పుడల్లా పిల్లలున్నారేమో, మేకలున్నాయేమో అని మా ఇంటి కిటికీలోంచి అరిచి అరిచి నా గొంతు పోయింది.

పాతదిచ్చి కొత్తది తీసుకునే మార్పిడి మేళా రోజున మార్కెట్లో ఒక్క పాత బండీ మిగల్లేదు. మా సంఘం అధ్యక్షుడు ముత్యాల్రావు గారు మార్చుకున్నారని దావీదు మార్చుకున్నాడు. దావీదు మార్చుకున్నాడని మిగతావాళ్ళు. నేను వద్దనే అన్నాను. నా డ్రైవరు అబ్బులు వినలేదు.

"అందరూ దీన్ని తోలుతుంటే నేను పాతది తోలితే ఎడ్లబండి తోలినట్టుంటాదండి మామ్మగారూ" అన్నాడు.

అబ్బులు నాకు చుట్టం కాడు. మావారు చనిపోయిన ఏడాదే పనిలో చేరాడు. వాడి పెళ్ళి మా పెరట్లోనే జరిగింది. వాడి కూతురికి ఇప్పటికీ నా మంచం మీద పడుకుంటే గాని నిద్ర పట్టదు. అలాంటివాడు అడిగితే కాదనలేకపోయాను. పాత బండ్లన్నిటినీ వరసగా గొలుసుతో లాక్కుపోతుంటే కిటికీ దగ్గర్నుంచి లోపలికి వెళ్ళిపోదామనుకున్నాను. పోలేకపోయాను. వీధి మలుపు తిరిగేదాకా చూసి, అప్పుడు లోపలికి వెళ్ళి పొయ్యి తుడిచాను. అది శుభ్రంగానే ఉంది.

మర్నాడు పొద్దున్న గెలలు ఎక్కించారు. అబ్బులు బండికి గుమ్మడికాయ తిప్పి కొట్టాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. దణ్ణం పెట్టుకుని తాళం తిప్పాడు.

తియ్యటి ఆడగొంతు వినిపించింది. "నమస్కారం. మీరు ఎక్కడికి వెళ్తున్నారు?"

అబ్బులు చెయ్యి తాళం మీదే బిగుసుకుపోయింది.

బయల్దేరే మనిషిని ఎక్కడికని అడక్కూడదు. మరీ తెలుసుకోవాలని ఉంటే 'దూరమా?' అంటాం. ఈ మాత్రం మా ఊళ్ళో పాలు తాగే పిల్లలకూ తెలుసు. పొరపాటున ఎవరైనా అడిగేస్తే, వెనక్కి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. అబ్బులు దిగాడు. కాళ్ళు కడుక్కున్నాడు. మా అరుగు మీద కూర్చున్నాడు. కిటికీలోంచి నేనిచ్చిన నీళ్ళు తాగాడు. వెళ్ళి తాళం తిప్పాడు.

"నమస్కారం. మీరు ఎక్కడికి వెళ్తున్నారు?"

మళ్ళీ దిగాడు. ఎండ ముదిరేసరికి వాడి పొట్ట నీళ్ళకుండలా అయింది. వీధి పొడుగునా ఏ అరుగు మీద చూసినా ఒక డ్రైవరు, చేతిలో ఒక గ్లాసు. దావీదు కూడా తాగుతున్నాడు.

"నీకెందుకురా ఈ శకునాలు? ఆదివారం చర్చికి పోతావు కదా" అని ముత్యాల్రావు గారు వేళాకోళం చేశారు.

"చర్చి నాదేనండి. రోడ్డు అందరిదీ కదండీ" అన్నాడు దావీదు.

చేయని ప్రయత్నం లేదు. అబ్బులు మాట వచ్చే చోట తువ్వాలు కుక్కాడు. "మీ సమాధానం వినబడలేదు" అని అది ఇంకా గట్టిగా అరిచింది. పదిమంది కలిసి బండిని నెట్టుకుంటూ పొలిమేర దాటించి అక్కడ తాళం తిప్పారు. పొలిమేర దాటినా దాని బుద్ధి మారలేదు. దావీదు ఒకసారి గుండె చిక్కబట్టుకుని బయల్దేరి, ఆ తర్వాత ఇంజను ఆపడమే మానేశాడు. అన్నం బండిలోనే, నిద్ర బండిలోనే. చివరికి డీజిలు అయిపోయి రావులపాలెం దగ్గర ఆగింది. డీజిలు పోసి తాళం తిప్పితే అదే నమస్కారం, అదే ప్రశ్న. ఈలోగా పచ్చిగా ఎక్కించిన గెలలు తొట్టిలోనే పసుపెక్కాయి.

సంఘం వారు కబురు పంపితే కంపెనీ మేనేజరు గారు మెడకు టై బిగించుకుని వచ్చారు. చిన్నవాడు, మర్యాదస్తుడు. పుస్తకంలోంచి లేచి వచ్చినట్టు మాట్లాడతాడు.

"ఇది లోపం కాదండి, సౌలభ్యం. వినియోగదారుని గమ్యస్పష్టత మా సంస్థ ప్రధాన విలువ" అన్నాడు.

"విలువలు మాకూ ఉన్నాయి బాబూ. అడగొద్దని చెప్పండి దానికి" అన్నారు ముత్యాల్రావు గారు.

"అడగకపోతే ఇంజను కదలదండి. ప్రశ్నకూ ఇంజనుకూ అంతర్గత అనుసంధానం కల్పించబడింది."

"పోనీ, దూరమా అని అడగమనండి."

మేనేజరు గారు టై సర్దుకున్నాడు. "దూరమా అంటే అవునని గాని కాదని గాని సమాధానం వస్తుంది. యంత్రానికి అది సరిపోదు. ప్రశ్న మార్చాలంటే భాషా ఉపసంఘం సిఫారసు చేయాలి. ఉపసంఘం ఇంకా ఏర్పడలేదు."

"మా ఇంటిది కూడా పెళ్ళైన కొత్తలో ఇలాగే అడిగేదండి. ఒకసారి చెప్తే మానేసింది. దీనికి ఉపసంఘం కావాలా?" అన్నాడు దావీదు.

మేనేజరు గారు నవ్వలేదు. పరిష్కారంతో వస్తానని వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు ఎవరూ ఆయన్ని ఎక్కడికని అడగలేదు. మా మర్యాద మాది.

పరిష్కారం లారీలో వచ్చింది. దాని పేరు పునఃప్రస్థాన సౌకర్యం. అంటే ఒక ఇనుప పీట, ఒక నీళ్ళ డ్రమ్ము, కాళ్ళు కడుక్కునే పళ్ళెం. అరుగు దాకా నడిచే సమయం ఆదా చెయ్యడానికి వాటిని తొట్టిలోనే బిగించారు. పెరిగిన తొట్టి మూరెడు, సౌకర్యానికి పట్టిన చోటు మూరన్నర. ఇప్పుడు డ్రైవర్లు నడిరోడ్డు మీదే బండెక్కి కూర్చుని నీళ్ళు తాగుతున్నారు. వాళ్ళ వెనకాల బస్సులు ఆగిపోతున్నాయి.

ఆ సాయంత్రం అబ్బులు అరుగు మీద కూర్చుని, నావైపు చూడకుండా చెప్పాడు.

"మా బావమరిది హైదరాబాదులో కారు తోలుతున్నాడండి మామ్మగారూ. అక్కడ ఎక్కినోడే ఎక్కడికో చెప్తాడంటండి. కారు అడగదంట."

"వెళ్తావేంట్రా?"

"ఏం జెయ్యమంటారండి మరి? రోజంతా నీళ్ళు తాగితే పిల్లకి అన్నం ఎక్కణ్ణుంచొత్తాది? ఇంకో వారం చూత్తానండి."

ఆ రాత్రి పిల్ల నా పక్కనే పడుకుంది. దాని కాలు నా పొట్టమీద వేసింది. నేను తియ్యలేదు. బండి కదిలితే అబ్బులు ఉంటాడు, కదలకపోతే వెళ్తాడు. వాడు వెళ్తే ఆ వెనకాలే పిల్లా, పిల్ల తల్లీ. కంపెనీవారు పంపిన అభిప్రాయ పత్రంలో సీటు మెత్తదనానికి చోటుంది, రంగు మెరుపుకు చోటుంది. దీనికి లేదు.

రోడ్డు మీద బండ్లు ఆగిపోతున్నాయని ఎవరో ఫిర్యాదు చేస్తే, ప్రాంతీయ వాహన క్రమబద్ధీకరణ కార్యాలయం నుంచి అధికారిగారు వచ్చారు. బండి ప్రశ్న అడగడం స్వయంగా విన్నారు. మేమంతా ఆయన కోప్పడతారనుకున్నాం. ఆయన కళ్ళు మెరిశాయి.

"అద్భుతం! ఇన్నేళ్ళుగా మా కార్యాలయానికి తెలియనిది ఇదే కదా, ఎవరు ఎక్కడికి పోతున్నారో!" అన్నారు.

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. మార్కెట్ గేటుకు అంటించారు. నేను చదివి అందరికీ వినిపించాను.

"ప్రశ్నింపబడని ప్రయాణము గమ్యరహిత ప్రయాణముగా పరిగణింపబడును. కావున మాటలాడు శక్తి లేని పాత వాహనములు, ఆటోలు, రిక్షాలు, సైకిళ్ళు, మరియు తలపై గాని చేతియందు గాని సరుకు గల పాదచారులు మార్కెట్ గేటు వద్ద మానవ మాధ్యమమున ప్రశ్నింపబడుదురు. ప్రశ్న వలన కలుగు మనఃక్లేశ నివారణార్థము ఒక బల్ల, ఒక బిందె ఏర్పాటు చేయబడును. ఎవ్వరికిని మినహాయింపు లేదు."

చివరి వాక్యం కింద గీత కూడా గీశారు.

మానవ మాధ్యమం పేరు వీరభద్రం. పాపం మంచివాడు. ఖాకీ చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళకల్లా ముందు దణ్ణం పెట్టేవాడు. "ఏమీ అనుకోకండి, అడగాలండి. ఎక్కడికండీ?" అనేవాడు. అడిగాక బిందెలోంచి తనే నీళ్ళు ముంచి ఇచ్చేవాడు. కూరగాయల బుట్ట నెత్తిన పెట్టుకొచ్చినవాళ్ళు బుట్ట దించి కూర్చునేవారు. పాలవాడు కూర్చునేవాడు. పాలు విరిగేవి. బడిసంచి సరుకు కిందికి వస్తుందా రాదా అని తేలేదాకా పిల్లలకు రెండు రోజులు సెలవు దొరికింది. ఒక రోజు కిరాణా కొట్టు పెద్దాయన పాడె వచ్చింది. ఉత్తర్వులో పాడె మాట లేదు, మినహాయింపూ లేదు. వీరభద్రం కళ్ళు మూసుకుని అడిగాడు. మోసేవాళ్ళు పాడె దించి బల్లమీద కూర్చుని నీళ్ళు తాగారు. ఆ ఒక్క ప్రయాణం ఆలస్యమైనందుకు మాత్రం ఎవరూ విసుక్కోలేదు. ఆయన భార్య గేటు దాకా వచ్చి ఇంకాసేపు చూసుకుంది.

అబ్బులు చెప్పిన వారం నిండింది. వాడు చేతిసంచి సర్దుకున్నాడు. ముందు తాను వెళ్ళి, గది దొరికాక భార్యనూ పిల్లనూ తీసుకెళ్తాడట. పొద్దుటి బస్సుకే ప్రయాణం. బండిలో మాత్రం, కుళ్ళిన పాతవి దించి ఎక్కించిన కొత్త గెలలు కూడా పండిపోయాయి.

సరిగ్గా ఆ పొద్దున్నే అధికారిగారు గేటు పనితీరు తనిఖీ చెయ్యడానికి జీపులో వచ్చారు. చూశారు. మెచ్చుకున్నారు. వీరభద్రం భుజం తట్టారు. వాచీ చూసుకుని జీపెక్కారు. జీపు గేటు దగ్గరకు రాగానే వీరభద్రం దణ్ణం పెట్టాడు.

"ఏమీ అనుకోకండి సార్, అడగాలండి. ఎక్కడికండీ?"

అధికారిగారి ముఖం మాడిన అప్పడంలా ముడుచుకుపోయింది. "నన్నా?"

"పాత జీపు కదండీ. దానికి మాట్రాదు."

"ఆ ఉత్తర్వు మీద సంతకం పెట్టింది నేనయ్యా!"

"అవునండి. కింద గీత గీసింది కూడా తమరేనండి."

అధికారిగారు చుట్టూ చూశారు. జనం చూస్తున్నారు. నవ్వేసి వెళ్ళిపోవచ్చు. కానీ ఆయనదీ తెలుగు పుట్టుకే. పైగా ఆరోజు ఆయన కొత్త ఇంటి గృహప్రవేశం. ముహూర్తానికి అందుకోవాలని బయల్దేరిన మనిషి. జీపు డ్రైవరు అప్పటికే ఇంజను ఆపి దిగిపోయాడు. ఇద్దరూ బల్లమీద కూర్చుని నీళ్ళు తాగారు. మళ్ళీ ఎక్కారు. వీరభద్రం మళ్ళీ అడిగాడు. మళ్ళీ దిగారు.

నేను ఇదంతా మా కిటికీలోంచి చూస్తున్నాను. మా ఇల్లు గేటు పక్కనే. మావారు పోయిన దగ్గర్నుంచి ఎవరు బయల్దేరినా నా చోటు ఆ కిటికీ వెనకే. నన్ను లోపలికి పొమ్మని ఎవరూ అనలేదు. అనేదాకా ఎవరు ఉంటారు? మొగుడు పోయిన ఆడది ఎదురొస్తే ప్రయాణం చెడుతుందని నాకు తెలియదా? మా తమ్ముడు మస్కట్ వెళ్ళినప్పుడు చువ్వల మధ్యనుంచే చూశాను. నా చెల్లెలి కూతుర్ని కాపురానికి పంపినప్పుడూ అంతే. వాళ్ళు మేలుగా వెళ్ళాలనే కదా అని సరిపెట్టుకున్నాను. తమ్ముడు అక్కడే పోయాడు. వాణ్ణి తలుచుకుంటే నాకు ముందు కనపడేది వీపు, దానిమీద చెమట పట్టిన చొక్కా.

అబ్బులు అరుగు దగ్గరకొచ్చి, "ఎల్లొత్తానండి మామ్మగారూ" అని కిటికీవైపు తిరిగి చెప్పి, సంచి భుజాన వేసుకుని గేటువైపు నడిచాడు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఎదురొస్తే ప్రయాణం ఆగిపోతుందని కదా ఇన్నాళ్ళూ దాక్కున్నాను? మరి ఆగిపోవలసిన ప్రయాణం కళ్ళముందు నడిచి పోతుంటే ఇంకా లోపల ఎందుకు?

చెప్పులు కూడా తొడుక్కోలేదు. పెరటి దారిన చుట్టూ తిరిగి పరుగులాంటి నడకతో వెళ్ళి గేటు మధ్యలో అబ్బులుకు ఎదురుగా నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే పక్కనుంచి వీరభద్రం, "ఏమీ అనుకోకు అబ్బులూ, చేతిలో సంచి ఉంది. ఎక్కడికి?" అన్నాడు.

 అడగడమూ, నేను ఎదురవడమూ ఒకేసారి జరిగాయి.

"ఒకదానికైతే ఒక గ్లాసు నీళ్ళు" అన్నారు ముత్యాల్రావు గారు మెల్లగా. "రెండూ కలిసి పడితే?"

"రెండు గ్లాసులాండి?" అన్నాడు వీరభద్రం బిందెలోకి చూస్తూ.

"ఉభయ సంఘటన గురించి ఉత్తర్వులో ప్రస్తావన లేదు" అన్నారు అధికారిగారు బల్లమీంచి.

దావీదు తల గోక్కున్నాడు. "మన కాలవమీద ఇరుకు వంతెన ఉంది కదండీ. అటునుంచో లారీ, ఇటునుంచో లారీ ఎదురెదురుగా వత్తే ఏమవుద్ది? రెండూ ఇరుక్కుపోతాయి. దిగి తిట్టుకుంటారు. ఈలోగా సైకిలోడు సందులోంచి ఎల్లిపోతాడండి. ఇదీ అంతే. ఆ శకునమూ ఈ శకునమూ కొట్టుకు చత్తాయి. మనం ఎల్లిపోవడమే."

 అధికారిగారు బల్లమీంచి లేచారు. ఆయన గొంతులో కార్యాలయం తిరిగొచ్చింది.

"దీనిని పరస్పర నిరోధక విధానముగా ప్రయోగాత్మకముగా పరిశీలించవచ్చును" అన్నారు. ఆ వెంటనే గొంతు మార్చి, "అమ్మా, మీకు పుణ్యం ఉంటుంది. ఒక్కసారి నా జీపుకు ఎదురురండి. ముహూర్తం దాటిపోతోంది" అన్నారు.

నన్ను ఎదురురమ్మని ఒక మనిషి చేతులు జోడించడం నా జన్మలో అదే మొదలు. వెళ్ళి జీపు ముందు నిలబడ్డాను. వీరభద్రం అడిగాడు. జీపు డ్రైవరు కళ్ళు మూసుకుని తాళం తిప్పి, తెరిచాక గేరు వేశాడు. నేను పక్కకు తప్పుకోగానే జీపు దుమ్ము రేపుకుంటూ పోయింది. అధికారిగారు కిటికీలోంచి తల బయటపెట్టి నాకు దణ్ణం పెట్టారు.

జనం చప్పట్లు కొట్టారు. నేను మాత్రం అప్పుడే తెలుసుకున్నాను. దావీదు లెక్క నిజమైతే అబ్బులు ప్రయాణానికీ అడ్డులేదు. ఆపుదామని వచ్చి నేనే దారి ఇచ్చాను. 

అబ్బులు అక్కడే నిలబడి నన్నే చూస్తున్నాడు.

"కావాలనే వచ్చారు కదండీ?" అన్నాడు.

"అవున్రా."

"నన్ను ఆపడానికేనాండి?"

"అవును. ఇప్పుడు నీ ఇష్టం. బస్సు టైమైంది."

వాడు సంచి వంక చూశాడు, బండి వంక చూశాడు. తొట్టిలో గెలలు ఘుమఘుమలాడుతున్నాయి. "పండిపోయిన సరుకు దూరం పోదండి. మండపేట సంతలో ఇవాళ పండే కావాలి" అని తనలో తనే అనుకున్నాడు. సంచి తీసి బండి సీటు మీదకు విసిరాడు. "ఇట్రండి మామ్మగారూ. ఇదుగో, ఇక్కడ, దీని ముఖానికి ఎదురుగా నిలబడండి."

నిలబడ్డాను. తాళం తిప్పాడు.

"నమస్కారం. మీరు ఎక్కడికి వెళ్తున్నారు?"

"మండపేటే తల్లీ!" అని అరిచాడు అబ్బులు. వాడి వెనక దావీదు బండి, ముత్యాల్రావు గారి బండి, మిగతావన్నీ బారులు తీరాయి. ఒక్కొక్కటీ అడగడం, నేను నిలబడడం, పక్కకు తప్పుకోవడం. అందరూ వెళ్ళేటప్పుడు నావైపు చూసి నవ్వారు. అద్దాల వెనక ఒక్కొక్కళ్ళ ముఖం అంత దగ్గరగా, అంత ఎండలో నేనెప్పుడూ చూడలేదు. సాయంత్రం అబ్బులు ఖాళీ తొట్టితో తిరిగొచ్చాడు. పిల్లకు జిలేబీ తెచ్చాడు. హైదరాబాదు మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

తర్వాత ఉత్తర్వులు వాటంతటవే వచ్చాయి. అధికారిగారి కార్యాలయం నన్ను గౌరవ ప్రతిశకున నిర్వాహకురాలిగా నియమించింది. నాకూ ఒక ఖాకీ చొక్కా పంపారు. వీరభద్రానికిచ్చాను. కంపెనీ మేనేజరు గారు స్వయంగా వచ్చి, ఈ ఇబ్బంది మిగతా జిల్లాలలో కూడా ఉందని ఒప్పుకుని, నా ఫొటో ఒకటి తీసి ప్రతి బండికీ ముందు అద్దం మీద అంటిస్తామన్నాడు. రాబోయే మోడల్లో ప్రశ్నతో పాటే నా బొమ్మ దానంతటదే వెలుగుతుందట. ప్రశ్న మాత్రం తీసెయ్యలేరట. అది విలువట.

నేను ఒప్పుకోలేదు. "బొమ్మను వాళ్ళు చూస్తారు బాబూ. బొమ్మ వాళ్ళను చూడదు కదా" అన్నాను. మేనేజరు గారు ఆ మాట రాసుకోబోయాడు గాని, ఏ గడిలో రాయాలో తెలియక చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాడు.

ఇవాళ కాస్త ఆలస్యంగా లేచాను. జుట్టు చిక్కు తీసుకుంటుంటే వీధిలో హారన్లు మొదలయ్యాయి. అన్నిటికంటే గట్టిగా దావీదుది.

"మామ్మగారండోయ్! తొందరగా రండి! అడిగేసిందండి బాబూ!"

"వస్తున్నా! నేను రాకుండా ఒక్కడు కదిలాడంటే చూడండి!" అని దువ్వెన జుట్టులోనే వదిలేసి వీధి తలుపు తీశాను.